వరద తీసిన గట్టు మీద పక్షులకు రింగులు వేసిన రోజు: నా అనుభవం

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గాని, అప్పటికే చెన్నైకి జరగవలసిన నష్టమంతా జరిగిపోయింది. 3, 4 తేదీల్లో అది నగరానికి ఎదురుగా సముద్రం మీద నింపాదిగా కదులుతూ ఉండటంతో వాన తెరిపి ఇవ్వలేదు. విమానాశ్రయం మూసేశారు. వేళచ్చేరి, పళ్ళికరణై, పెరుంబాక్కం ప్రాంతాల్లో జనాన్ని పడవల మీద బయటకు తీసుకువచ్చారు. దక్షిణ చెన్నైలో చెరువులు ఒకదాని తర్వాత ఒకటి నిండి పొర్లితే ఆ నీరు చివరికి చేరేది పళ్ళికరణై చిత్తడినేలకే; అక్కడి నుంచి ఒక్కియం మడువు గుండా బకింగ్‌హాం కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. దారి ఇరుకు, మధ్యలో కట్టడాలు, పైగా ఒక పక్క పెరుంగుడి చెత్త దిబ్బ. ముఖ్యమైన చిత్తడినేలలకు అంతర్జాతీయంగా ఇచ్చే రామ్సర్ గుర్తింపును 2022లో పొందిన చోటు అది. గుర్తింపు వచ్చిందని నీళ్ళకు దారి వెడల్పు కాలేదు.

ఆ చుట్టుపక్కలే పెరుంబాక్కం వైపున్న ఒక చెరువు గట్టు మీద కొన్నేళ్ళుగా ప్రతి శీతాకాలం పక్షులను పట్టి, మళ్ళీ దొరికితే గుర్తుపట్టేలా కాలికి నంబరున్న రింగు వేసి వదిలే చిన్న బృందంలో నేను స్వచ్ఛంద సేవకురాలిని. మాలో రింగింగ్‌లో పూర్తి శిక్షణ పొంది, తన పేరు మీద అనుమతి ఉన్నది ఒక్క మేడంకే. మిగిలిన మేమంతా ఆవిడ చెప్పినట్టు చేసేవాళ్ళమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి లేకుండా అడవి పక్షిని వలవేసి పట్టడం నేరం, అది రింగు తొడిగి వదిలేయడానికే అయినా సరే. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, ఫొటోలు చూసి "మేమూ ఒక వల కొనుక్కుని మొదలుపెడతాం" అన్నవాళ్ళు నాకు తెలుసు.

వరద తర్వాత వెంటనే వెళ్ళలేదు. వాన పూర్తిగా వెనకబట్టి, పక్షులు కొన్ని రోజులు ఎండలో ఆరి, తిండి తినే వ్యవధి దొరికేవరకు వలలు విప్పేది లేదని మేడం తేల్చి చెప్పారు. తడిసిన ఈకలతో, ఖాళీ కడుపుతో ఉన్న చిన్న పిట్టకు వలలో గడిచే పావుగంట కూడా ప్రాణం మీదికి రావచ్చు. మా అత్తగారికి ఈ సంగతంతా వివరిస్తే ఆవిడ సూటిగా ఒక్క ప్రశ్న అడిగారు: "వరదలో ఎలాగో బతికి బయటపడ్డ వాటిని మళ్ళీ పట్టుకుని బాధపెట్టడం ఎందుకమ్మా?" న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గరున్న సమాధానం ఒకటే. ఆ గట్టు మీద ఏ కాలంలో ఏ పిట్ట ఎంత బరువుంటుందో గత శీతాకాలాల లెక్కలు మా దగ్గర ఉన్నాయి. వరద వాటిని ఏం చేసిందో పోల్చి చూడాలంటే అదే చోట, అవే వలలతో, అదే రకంగా కొలవాలి. దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది గాని, ఉన్నవి ఏ స్థితిలో ఉన్నాయో తెలియదు.

డిసెంబరు మూడో వారంలో ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. వరద నీళ్ళ వల్ల సోకే ఎలుక జ్వరం భయంతో అందరం మోకాళ్ళదాకా వచ్చే గమ్‌బూట్లు వేసుకున్నాం. చేతుల మీద గాయాలు ఉన్నవాళ్ళను మేడం నీళ్ళలోకి దిగనివ్వలేదు. పక్షిని పట్టుకునే చేతికి తొడుగు ఉంటే వేళ్ళకు ఒత్తిడి తెలియదు కాబట్టి ఆ పని ఒట్టి చేతులతోనే చేయాలి. అందువల్ల చేతులు కడుక్కోవడానికి ఇంటి నుంచే క్యాన్లలో నీళ్ళు తెచ్చుకున్నాం.

గట్టు గుర్తుపట్టలేనట్టుగా మారిపోయింది. కింది జమ్ము అంతా ఒకే దిక్కుకు పడిపోయి ఉంది. సర్కారు తుమ్మ కొమ్మలకు నా భుజాల ఎత్తున ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క వేళ్ళు వేలాడుతున్నాయి. నీరు ఎంతదాకా ఎక్కిందో అవే చెబుతున్నాయి. మెరక నేల మిగిలింది గట్టు ఒక్కటే కాబట్టి పాములన్నీ అక్కడికే చేరి ఉంటాయని పెద్దాయన ముందుగా కర్రతో నేల తడుతూ నడిచారు. రెండు నీరుకట్టెలు పక్కకు తప్పుకున్నాయి.

ఈ పెద్దాయన గురించి కొంచెం చెప్పాలి. ఊరు పులికాట్ సరస్సు పక్కన, మాది సూళ్ళూరుపేట కాబట్టి మా ఇద్దరికీ మాట తొందరగా కలిసింది. వయసులో ఉన్నప్పుడు నీటికోళ్ళను ఉచ్చులు వేసి పట్టేవారు. ఇప్పుడు వల కట్టడంలో ఆయన మాటకు మేడం కూడా ఎదురు చెప్పరు. వేటగాళ్ళ నేర్పును రింగింగ్‌కు వాడుకోవడం మన దేశంలో కొత్త సంగతి కాదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ బీహారుకు చెందిన మీర్‌షికార్లనే సంప్రదాయ పక్షి వేటగాళ్ళను పక్షులు పట్టే పనికి దశాబ్దాలపాటు వెంట తిప్పుకుంది.

మేము వాడే మిస్ట్ నెట్ అనేది సన్నటి నల్ల నైలాన్ దారంతో అల్లిన వల. పన్నెండు మీటర్ల పొడవు, మనిషి చేయి చాస్తే అందేంత ఎత్తు. అడ్డంగా నాలుగైదు బలమైన తాళ్ళుంటాయి, ఒక్కో తాడు కింద వల కొంచెం వదులుగా జారి సంచిలా వేలాడుతుంది. పొదల నీడలో దారం కనపడక ఎగురుతూ వచ్చిన పిట్ట వలకు తగిలి ఆ సంచిలో పడుతుంది. మామూలు రోజుల్లో అన్నిటికన్నా కింది తాడును నేలకు జానెడు ఎత్తులో కడతాం. ఆ రోజు గట్టు వాలున నీళ్ళున్నాయి. పిట్ట బరువుకు వల సాగుతుంది, కింది సంచి నీటికి ఆనితే అందులో పడ్డది మునిగిపోతుంది. పెద్దాయన ఆ కింది సంచి మొత్తాన్ని చుట్టి పై తాడుకు కట్టేశారు. అంతటితో ఊరుకోలేదు. ఎగువ చెరువుల నుంచి ఇంకా నీరు దిగుతూ ఉంది కాబట్టి మట్టం పెరగవచ్చని, ఒక కర్రకు సుద్దతో గీతలు గీసి నీళ్ళలో పాతి, "వల చూడబోయినప్పుడల్లా దీన్ని కూడా చూడాలమా, పై గీతకు తగిలిందంటే వల మడిచెయ్యడమే" అని నాకు అప్పజెప్పారు. ఎప్పుడూ వేసే వలల్లో సగమే విప్పమన్నారు మేడం. ఒకేసారి ఎక్కువ పిట్టలు పడితే, కొలతలు తీసే బల్ల దగ్గర అవి సంచుల్లో వేచి ఉండే సమయం పెరుగుతుంది. వచ్చిన కుర్రవాళ్ళలో కొందరికి ఇది నచ్చలేదు. ఇంత దూరం వచ్చి సగం వలలేమిటని గొణిగారు. నాకు మాత్రం ఆ రోజు తీసుకున్న నిర్ణయాలన్నిటిలో అదే సరైనదనిపించింది.

ఆరుంబావుకు వెలుతురు వచ్చింది. మామూలుగా అరగంటకోసారి వల చూస్తాం, ఆ రోజు పావుగంటకోసారి. మొదటి విడతలోనే ఒక బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ (గోధుమరంగు చిన్న వలస పిట్ట), రెండు పిగిలిపిట్టలు, ఒక పసుల పోలిగాడు పడ్డాయి. పసుల పోలిగాడిని విడిపించే పని నాకు పడకపోవడం నా అదృష్టం, అది పొడిస్తే రక్తం వస్తుంది. నాకు వార్బ్లర్ దక్కింది. వలలో పిట్ట కనిపించగానే చేయి వేయకూడదు. అది ఏ వైపు నుంచి వచ్చి పడిందో ముందు చూసుకోవాలి, ఎందుకంటే విడిపించి తీయవలసింది ఆ వైపుకే. కాళ్ళు దారాన్ని గట్టిగా పట్టుకుని ఉంటాయి. ముందు వాటిని, తర్వాత రెక్కలను, ఆఖరున తలను విడిపించాలి. మధ్యవేలు, చూపుడువేలు మధ్య మెడ వచ్చేలా, వీపు అరచేతికి ఆనేలా పట్టుకుంటే పిట్ట విదిలించుకోవడం మానేస్తుంది. ఛాతీ మీద మాత్రం ఒత్తిడి పడకూడదు. పక్షికి మనలాగా ఊపిరాడించే డయాఫ్రం అనే కండరం లేదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. అక్కడ నొక్కితే ఊపిరి ఆగిపోతుంది. ఆ వార్బ్లర్ నాలుక వెనకకు ఒక దారం చిక్కుకుంది. మేడంను పిలిస్తే ఆవిడ టూత్‌పిక్ కొనతో దాన్ని నెమ్మదిగా ముందుకు తెచ్చి, దించేశారు. కత్తెర జేబులోనే ఉంది. దారం కోస్తే పోయేది వల, కోయక జాగు చేస్తే పోయేది పిట్ట, అని ఆవిడ ఎప్పుడూ అంటారు గాని, ఈసారి కోయవలసిన అవసరం రాలేదు.

విడిపించినదాన్ని గుడ్డ సంచిలో వేసి, బల్ల దగ్గర కట్టిన తాడుకు వేలాడదీస్తాం. పొద మీద తగిలించకూడదు. వరదకు పుట్టలు మునిగి ఎర్రచీమలన్నీ కొమ్మలెక్కి ఉన్నాయి, సంచిలోకి దూరితే చెప్పే పని లేదు.

బల్ల దగ్గర మొదటి పని రింగు. అల్యూమినియం రింగు మీద సొసైటీకి తెలియజేయమన్న ఇంగ్లీషు మాటలు, సైజును తెలిపే అక్షరం, వరుస సంఖ్య ఉంటాయి. మన దేశంలో ఆ సొసైటీ ఈ పని 1927లో ధార్ మహారాజు సాయంతో మొదలుపెట్టింది. అంతకు ముందే, 1899లో, డెన్మార్క్‌లో మోర్టెన్సెన్ అనే ఉపాధ్యాయుడు గోరింకల జాతి పక్షులకు అల్యూమినియం రింగులు వేసి దీనికి శాస్త్రీయ రూపం ఇచ్చాడు. రింగును ప్రత్యేకమైన పటకారు రంధ్రంలో పెట్టి నొక్కితే రెండు కొసలూ ఒకదానికొకటి ఆనాలి. సందు మిగిలితే పీచు చిక్కుకుంటుంది, ఒకదాని మీదికొకటి ఎక్కితే కాలు ఒరుసుకుపోతుంది. మూసిన తర్వాత అది కాలి మీద పైకీ కిందికీ జారుతూ, చుట్టూ తిరుగుతూ ఉందో లేదో చూస్తారు. రాత పని నాది. మేడం ఒక్కో అంకె చదువుతారు, నేను రాసి తిరిగి చదువుతాను. తమిళం, తెలుగు కలిసిన బృందం కాబట్టి అంకెలన్నీ ఇంగ్లీషులోనే.

తర్వాత రెక్క. మొదట్లో అడ్డుగట్టు ఉన్న స్కేలు మీద మణికట్టు ఆనించి, రెక్కను అదిమి చాచి, కొసదాకా మిల్లీమీటర్లలో కొలుస్తారు. బ్లైత్స్ వార్బ్లర్‌ను పోలిన గోధుమరంగు పిట్టలు మరికొన్ని ఉన్నాయి గనుక, రెక్కలో మూడో, నాలుగో పెద్ద ఈకల అంచు ఎక్కడ సన్నబడిందో కూడా చూసి తీరాలి. అన్నిటికన్నా ఎక్కువసేపు నేను కళ్ళప్పగించి చూసింది మాత్రం ఆ తర్వాతి పనిని. మేడం పిట్ట గొంతు కింద, రెండు మెడ ఎముకలు కలిసే పల్లం మీద, నోటితో మెల్లగా ఊదారు. ఈకలు రెండు వైపులా పాయలుగా విడిపోయాయి. అక్కడ చర్మం ఎంత పలచన అంటే లోపల ఉన్నదంతా కనిపిస్తుంది. కొవ్వు ఉంటే ఆ పల్లం లేత పసుపు రంగులో నిండి ఉంటుంది, లేకపోతే ముదురు ఎరుపు కండరమే. మొదటి వార్బ్లర్‌లో పసుపు జాడే లేదు. రొమ్ము ఎముక అంచు మీద వేలు పెట్టి, "తగులుతోంది, ఒకటి వేయండి" అన్నారు. కండ నిండుగా ఉంటే మూడు, అసలు లేకపోతే సున్నా. ఆఖరున సంచితో సహా తూచి, సంచి బరువు తీసేస్తే 10.1 గ్రాములు. అంటే ఇంచుమించు మూడు రూపాయి బిళ్ళలంత. అంత ప్రాణి ఎండాకాలం రష్యా, మధ్య ఆసియా ప్రాంతాల్లో గూడు పెట్టి, చలికాలానికి ఇక్కడిదాకా ఎగిరి వస్తుంది.

వరసగా నాలుగైదు పిట్టలు అలాగే కొవ్వు లేకుండా తేలేసరికి మేడం కొలతల జాబితా కుదించారు. కాలి ఎముక, ముక్కు, తోక కొలతలు వద్దు. రింగు, రెక్క, కొవ్వు, కండ, బరువు మాత్రమే. రొమ్ము ఎముక మరీ పదునుగా తగిలిన రెండింటికి రింగు కూడా వేయలేదు. వలలో నుంచి తీసినచోటే వదిలేశారు. పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడొకడు, బలహీనంగా ఉన్నవాటిని లెక్కలోకి తీసుకోకపోతే సగటు బరువు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది కదా మేడం అన్నాడు. నిజమే. ఆవిడ కూడా కాదనలేదు, వివరాల గడిలో "బలహీనం, కొలవలేదు" అని రాయమన్నారు. లెక్కలో లోటుంటే లోటుందని రాసి పెట్టుకోవచ్చు.

ఏడున్నర ప్రాంతంలో మూడో వల దగ్గర పడ్డ వార్బ్లర్ కాలికి అప్పటికే రింగు ఉంది. పెద్దాయన సంచి అందిస్తూ ఏమీ చెప్పలేదు, ముసిముసిగా నవ్వారంతే. అల్యూమినియం మెరుపు పోయి మసకబారింది. మేడం భూతద్దం పెట్టి నంబరు రెండుసార్లు చదివారు, ఇంకొకరితో చదివించారు, తర్వాతే పాత షీట్ల జిరాక్సు కాపీలు తీయమన్నారు. గత జనవరిలో ఇదే గట్టు మీద, ఇంచుమించు ఇదే తుమ్మ పొదల వరసలో మేము వేసిన రింగే. పక్కనున్న చేతిరాత నాదే. అప్పుడు 11.8 గ్రాములు, ఇప్పుడు 10.6. రింగు వేసిన చిన్న పిట్టల్లో మళ్ళీ కంటబడేవి మామూలుగా చాలా తక్కువ. ఈ జాతి పక్షులు చలికాలంలో పోయినేడు ఉన్నచోటికే తిరిగి చేరతాయన్నది పుస్తకాల్లో చదివిన సంగతే. అయినా ఖండంలో సగం దాటి పోయి, తిరిగి వచ్చి, ఆ పొదలు పీకల్లోతు నీళ్ళలో మునిగినా ఆ చోటు విడిచిపోని పిట్టను అరచేతిలో చూసినప్పుడు నాకు కాసేపు కలం ఆడలేదు. మేడం మాత్రం "రాయండి, రాయండి, నిమిషం దాటుతోంది" అని తొందరపెట్టారు. దాన్ని ఫొటో కోసం కూడా ఆపలేదు. నేల మీద చేయి ఆనించి వేళ్ళు విప్పితే, అది చేతి మీద కూర్చోకుండా నేరుగా పొదలోకి పోయింది. ఎగరడంలో తేడా లేదని పెద్దాయన అన్నారు. ఆ మాట కూడా షీట్లో రాసుకున్నాం.

ఎనిమిది దాటాక కాకులు మొదలయ్యాయి. వలలో కొట్టుకుంటున్న పిట్ట వాటికి సులువుగా దొరికే ఆహారం. వరదలో కొట్టుకొచ్చిన చెత్త కోసం అవి గుంపులుగా ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నాయి. ఒక్కో వలకు ఒక మనిషిని కాపలా పెట్టవలసి వచ్చింది. ఆ సమయంలోనే ఒక చిన్న లకుముకి పిట్ట పడింది. దాని కాలు ఎంత పొట్టిగా ఉంటుందంటే, రింగు వేయడానికి చోటు వెతుక్కోవాలి. ఇతర చిన్న పిట్టల్లో చాలావాటి కన్నా అది నిండుగా, కండ పట్టి ఉంది. వరదకు చేపలు లోతులేని మడుగుల్లోకి చేరడం దానికి కలిసి వచ్చి ఉండవచ్చునని మేడం అన్నారు. వెంటనే, ఒక్క పక్షిని చూసి అలా తేల్చకూడదని తనే సర్దుకున్నారు.

దగ్గరి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఒకరు అట్టపెట్టెలో ఇండియన్ పిట్టా అనే పక్షిని తెచ్చి ఇచ్చారు. అద్దానికి గుద్దుకుందట. ఆకుపచ్చ వీపు, పొట్ట కింద ఎరుపు, కళ్ళు సగం మూసి ఉన్నాయి. కుర్రవాళ్ళందరూ చుట్టూ మూగారు; అంత అందమైన పిట్టకు రింగు వేయాలని ఎవరికుండదు? మేడం పెట్టె మూత మూసి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే చోట పెట్టించారు. నీళ్ళు పోయవద్దు, తిండి కుక్కవద్దు అని చెప్పారు. గంటన్నర తర్వాత అది పెట్టెలోనే టపటపలాడితే నీడలో తెరిచి వదిలేశాం. రింగు వేయలేదు.

తొమ్మిదిన్నరకు ఎండ వల మీదికి వచ్చింది. కర్ర మీద నీరు పై గీతకు ఇంకా రెండు వేళ్ళు తక్కువగానే ఉంది గాని, ఎండలో వేలాడే పిట్ట తట్టుకోలేదు కాబట్టి మడిచేయమన్నారు. మడవడం తెరిచినంత సులువు కాదు, ఆ రోజు మరీను. కొట్టుకొచ్చిన తుమ్మ ముళ్ళు, ఎండిన గుర్రపుడెక్క పీచు దారాల్లో చిక్కుకున్నాయి. ఒక్కొక్క ముల్లునూ వేళ్ళతో తీయడానికి వలలు విప్పి ఉంచినంతసేపూ పట్టింది. ఇంటికి వచ్చాక వలలను మంచినీళ్ళలో జాడించి మిద్దె మీద నీడన ఆరవేశాం. గుడ్డ సంచులన్నీ వేడినీళ్ళలో ఉతికాం.

ఆ ఒక్క ఉదయం లెక్కలతో వరద పక్షులను ఏం చేసిందో చెప్పలేం. వార్బ్లర్లు పోయిన శీతాకాలాల కన్నా తేలికగా ఉన్నాయి, పిగిలిపిట్టల్లో పెద్ద తేడా లేదు. పురుగులు తినేవాటికి జమ్ము పడిపోవడం దెబ్బ అయి ఉండవచ్చు, పండ్లు కూడా తినేవి ఊళ్ళోకి పోయి బతికి ఉండవచ్చు. ఇది ఊహే. జనవరిలోనూ ఫిబ్రవరిలోనూ అవే వలలు అక్కడే వేస్తేగాని అవి కోలుకున్నాయో లేదో తేలదని, షీట్లు సొసైటీకి పంపేటప్పుడు మేడం అదే రాశారు.

తుఫానుల తర్వాత వీధుల్లో, మిద్దెల మీద చనిపోయిన పక్షులు కనిపించడం మామూలే. సముద్రం నడిమధ్య తిరిగే సూటీ టెర్న్ వంటివి కూడా గాలికి కొట్టుకుని ఒడ్డుకు వచ్చి పడతాయి. ఆ కాళ్ళ మీద ఒకసారి చూడండి. రింగు ఉంటే దాని మీది అక్షరాలు, అంకెలు అన్నీ ఫొటో తీసి, దొరికిన తేదీ, చోటు, పక్షి బతికి ఉందా లేదా అన్న వివరంతో ముంబయిలోని సొసైటీకి రాస్తే చాలు. చనిపోయినదైతే చేతులకు సంచి తొడుక్కుని ముట్టుకోండి. బతికి ఉన్నదైతే నంబరు చదువుకుని వదిలేయండి. రింగు మాత్రం తీయకండి, తీయబోతే విరిగేది కాలే.